బాణం మీద మాట

జూలై 1, సోమవారం

తొమ్మిదో తరగతి సైన్సు ఈ ఏడాది కూడా నాకే ఇచ్చారు. పాప కూడా అదే తరగతికి వచ్చింది. సొంత కూతురికి పాఠం చెప్పడం ఎలా ఉందని టీచర్ల గదిలో అడిగారు. "ఇంట్లో ఎలాగూ వినదు, ఇక్కడైనా వింటుందేమో" అన్నాను. అందరూ నవ్వారు. పాప బడిలో నన్ను టీచర్ అంటుంది, ఇంట్లో అమ్మా అంటుంది, మెట్ల మీద ఎదురైతే ఏమీ అనకుండా పక్కకి తప్పుకుంటుంది.

కింద బడి, పైన ఇల్లు. మెట్లు దిగితే ఉద్యోగం, ఎక్కితే కాపురం. కాపురమంటే బావగారు, నేను అక్క అని పిలిచే ఆయన భార్య, నేను, పాప. బడి బావగారిది. మా ఆయన పోయినప్పుడు బావగారే వచ్చి మమ్మల్ని సామానుతో సహా తీసుకొచ్చారు. "నా తమ్ముడి భార్యా బిడ్డా పరాయి పంచన ఉండటమేమిటి" అన్నారు. ఈ రోజుల్లో ఎవరంటారు ఆ మాట? మంచివారు.

ఇది ఇవాళ ఎందుకు రాశానో తెలీదు.

జూలై 4, గురువారం

పదార్థం పాఠం మొదలుపెట్టాను. పుస్తకం తెరవనివ్వలేదు. ల్యాబ్ బల్ల మీద దొరికినవన్నీ పెట్టాను. ఉప్పు, పంచదార, రాగి తీగ, గ్లాసుడు బురదనీళ్ళు, పాలు, ఇత్తడి గంట, మూత బిగించిన ఖాళీ సీసా. "వీటిని గుంపులు చేయండి. ఎలా చేస్తారో మీ ఇష్టం" అన్నాను.

ముందు రంగుల్ని బట్టి చేశారు. తర్వాత తినేవి, తిననివి. ఖాళీ సీసాని ఎవరూ ఏ గుంపులోనూ పెట్టలేదు. "అందులో ఏముందని, టీచర్?" అన్నాడొకడు. అప్పుడు లేచింది మా ఎందుకమ్మ. దాని అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, వాడేవాళ్ళు లేరు. "గాలుంది కదా. గాలి పదార్థం కాదా? ఎందుక్కాదు?" సీసా వెళ్ళి బల్ల మధ్యలో కూర్చుంది.

పాల దగ్గర యుద్ధమే జరిగింది. "శుద్ధ పదార్థమే టీచర్, ప్యాకెట్ మీద స్వచ్ఛమైన పాలు అనుంది" అంటారు సగం మంది. తప్పు వాళ్ళది కాదు. ఇంట్లో శుద్ధం అంటే కల్తీ లేనిది. పాఠంలో శుద్ధం అంటే మొత్తం ఒకే రకం కణాలున్నది. పాలల్లో నీళ్ళూ కొవ్వూ ఇంకా బోలెడున్నాయి, కాబట్టి ఎంత మంచి పాలైనా మిశ్రమమే. 

తర్వాత కాన్సెప్ట్ మ్యాప్ వేయించాను. పైన ఒక పెట్టెలో పదార్థం. కింద వాళ్ళకి తోచిన పెట్టెలు. పెట్టెకీ పెట్టెకీ మధ్య బాణం. బాణం మీద మాట రాయాలి. మాట రాయకపోతే ఎంత ముద్దుగా గీసినా సున్నాయే అన్నాను. పెట్టెలు ఎవరైనా గీస్తారు. ఇది అందులోకి ఎందుకొచ్చిందో చెప్పేది ఆ మాట. పిల్ల బుర్రలో ఏం నడుస్తోందో అక్కడే దొరికిపోతుంది.

వెనక బెంచీ నుంచి ఒక పటం వచ్చింది. ఉప్పునీళ్ళ నుంచి మిశ్రమానికి బాణం, దాని మీద "చూస్తే తెలీదు, నాలిక్కి తెలుస్తుంది" అని. సజాతీయ మిశ్రమానికి ఇంతకంటే మంచి నిర్వచనం నేను రాయలేను. ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. కూర తరుగుతూ విని, "అయితే వాడికి పదికి పదీ ఇచ్చెయ్" అంది.

ఇవాళ రోజంతా బాగుంది. 

జూలై 9, మంగళవారం

పక్క జిల్లా టీచర్ ట్రైనింగ్ సెంటర్ మేడమ్ ఫోన్ చేసింది. వేసవిలో అక్కడి సమావేశంలో నేను ఈ మ్యాపుల మీదే ఒక పాఠం చెప్పి చూపించాను. అది వాళ్ళకి నచ్చిందట. టీచర్లకి నేర్పే ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతోంది, అక్టోబరు మొదటి వారంలో చేరాలి. "మీరైతే బాగుంటుందని అందరం అనుకున్నాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఒకసారి రండి, మిగతావి ఇక్కడ మాట్లాడుకుందాం" అంది.

సరే మేడమ్ అన్నాను. నా గొంతే అది.

సర్టిఫికెట్లు బావగారి బీరువాలో ఉన్నాయి. ఇక్కడికి వచ్చినప్పుడు "భద్రంగా ఉంటాయి, ఇలా ఇవ్వమ్మా" అని తీసుకున్నారు. భద్రంగానే ఉన్నాయి.

రేపు అడుగుతాను.

జూలై 10, బుధవారం

అడగలేదు. బావగారికి జలుబు. 

జూలై 12, శుక్రవారం

ఈ రోజు అడుగుదామని ఆఫీసు గది దాకా వెళ్ళాను. లోపల పాప ఉంది. ఆయన బల్లకి అవతల నిలబడి లెక్క చెప్పించుకుంటోంది. ఆయన ముక్కు తుడుచుకుంటూ, తుమ్ముతూ, మధ్యలో దాన్ని నవ్విస్తూ చెబుతున్నారు. నన్ను చూసి "ఏమ్మా?" అన్నారు.

"సుద్దముక్కలు అయిపోయాయి" అన్నాను.

జూలై 18, గురువారం

ఇనుపరజనూ గంధకం పొడీ కలిపాం. అయస్కాంతం పెడితే ఇనుము లేచొచ్చింది. ఇది మిశ్రమం. అదే కలిపినదాన్ని వేడి చేశాం. ఎర్రగా రాజుకుని, నల్లటి గడ్డయింది. ఈసారి అయస్కాంతానికి ఏమీ రాలేదు. ఇది సమ్మేళనం, కొత్త పదార్థం.

"ఇనుము ఎక్కడికి పోయిందండీ?" అంది ఎందుకమ్మ.

"ఎక్కడికీ పోలేదు. అందులోనే ఉంది."

"ఉంటే అయస్కాంతం పిలిచినా ఎందుకు రాదు?"

తరగతంతా నవ్వింది. పాప నవ్వలేదు. రాసుకుంటోంది. దాని పటం తీసి చూశాను. సమ్మేళనం నుంచి శుద్ధ పదార్థానికి బాణం వేసి "రెండు మూలకాలున్నా ఇప్పుడు ఒకటే రకం కాబట్టి" అని రాసింది. కాగితాలు దిద్దేటప్పుడు అందరికీ పెట్టినట్టే టిక్కు పెట్టాను. మెట్లెక్కుతుంటే మాత్రం కళ్ళు మండాయి. గంధకం పొగ అయ్యుంటుంది.

జూలై 20, శనివారం

తల్లిదండ్రుల సమావేశం. ఒక తండ్రి కొడుకు నోట్సు పట్టుకుని లేచాడు. "ఇదేంటండీ, సాలెగూళ్ళు? ప్రశ్న లేదు, జవాబు లేదు. మావాడు సైన్సు చదువుతున్నాడా, ముగ్గులు నేర్చుకుంటున్నాడా?" హాలంతా ఘొల్లుమంది. మిగతావాళ్ళూ అందుకున్నారు. మా దాని పుస్తకంలోనూ ఇంతే అని.

నేను లేవబోయాను. బావగారు చెయ్యెత్తి ఆపారు. "మా మరదలు చాలా కష్టపడుతుందండీ. పిల్లలంటే ప్రాణం. కొంచెం కొత్తరకం ఆలోచనలు, అంతే. నేను చెబుతాను, మానేస్తుంది" అన్నారు. అందరి ముందూ నన్ను వెనకేసుకొచ్చారు. ఇంకొకరైతే నిలబెట్టి కడిగేసేవారు.

జూలై 22, సోమవారం

మ్యాపులు మానేశాను. ప్రశ్న, జవాబు. పిల్లలు ఏమీ అనలేదు. ఎందుకమ్మ కూడా.

జూలై 25, గురువారం

మేడమ్ మళ్ళీ ఫోన్ చేసింది. సర్టిఫికెట్లు బ్యాంకు లాకర్లో ఉన్నాయని చెప్పాను. అబద్ధం ఎంత చక్కగా వచ్చిందో! 

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగాలి. ఆదివారం, భోజనాలయ్యాక, తీరుబడిగా ఉన్నప్పుడు.

జూలై 28, ఆదివారం

భోజనాలయ్యాక బావగారు పాపకి చదరంగం నేర్పించారు. తీరుబడిగానే ఉన్నారు. వాళ్ళకి పిల్లల్లేరు. పాప రాజుని కదిపి నాలుక కరుచుకుంటే ఇద్దరూ ఒకేసారి అయ్యో అన్నారు, ఆయనా, గుమ్మంలో నిలబడ్డ అక్కా.

ఎలా అడగను?

ఆగస్టు 5, సోమవారం

బావగారు బడి యజమానుల సమావేశానికి వెళ్ళొచ్చారు. మెట్లెక్కుతూనే పిలిచారు. "అమ్మాయ్! ఆ సాలెగూళ్ళ పేరేంటి? కాన్సెప్ట్ మ్యాపులు కదూ? అక్కడందరూ వాటి గురించే మాట్లాడుతున్నారు. మేం ఎప్పట్నుంచో చేస్తున్నాం అని చెప్పేశాను. ఇరవయ్యో తారీకున చూడటానికొస్తున్నారు."

నాకు గెంతాలనిపించింది. రేపట్నుంచి మళ్ళీ మొదలుపెడతానన్నాను.

"పిల్లల చేత వేయిస్తే కాకరబీకరగా ఉంటాయి. నువ్వొకటి వెయ్. మంచిది, మొత్తం పాఠం అంతా వచ్చేలా. అచ్చు వేయిద్దాం. గోడకొకటి పెద్దది, పిల్లకొకటి చిన్నది, లామినేషన్ చేయించి. అదే నేర్చుకుంటారు."

"బావగారూ, అది ఎవరిది వాళ్ళు వేస్తేనే..."

"వేస్తారమ్మా. చూసి వేస్తారు."

ఏముందిలే. ఒక మంచి పటం కళ్ళముందుంటే పిల్లలకి సులువే కదా. 

ఆగస్టు 8, గురువారం

పటం వేశాను. బాగా వచ్చింది. ఇంత బాగా వస్తుందనుకోలేదు. పదార్థం కింద శుద్ధ పదార్థాలు, మిశ్రమాలు. వీటి కింద మూలకాలు, సమ్మేళనాలు, సజాతీయం, విజాతీయం. ఆ కింద ఉదాహరణలు. ప్రతి బాణం మీదా మాట. కొన్ని మాటలు పిల్లలవే. "చూస్తే తెలీదు, నాలిక్కి తెలుస్తుంది" కూడా పెట్టాను.

బావగారు అద్దాలు పెట్టుకుని చూశారు. "పెట్టెలు బాగున్నాయి. గీతల మీద ఈ రాతేంటి, చీమలు పాకినట్టు? దూరానికి కనబడదు. తీసేయ్."

"అదే ముఖ్యం, బావగారూ."

"గోడ మీద పెట్టేదమ్మా ఇది. చూడగానే శుభ్రంగా ఉండాలి." ఎర్ర పెన్నుతో ఆయనే కొట్టేశారు. ఒక్కొక్కటీ. ఆఖర్న నా భుజం తట్టి, "నీకు చదువుంది, నాకు లోకం తెలుసు" అన్నారు.

ఆయనకి లోకం తెలుసు, నిజమే.

ఆగస్టు 14, బుధవారం

అచ్చు వచ్చింది. కట్ట విప్పగానే కనబడింది. సమ్మేళనాలకి వెళ్ళాల్సిన బాణం శుద్ధ పదార్థాల నుంచి కాకుండా మిశ్రమాల నుంచి వచ్చింది. సమ్మేళనం అంటే ఒకరకం మిశ్రమం అని గోడంత చార్టు చెబుతోంది. బాణాల మీద మాటలుంటే ప్రెస్సతనికి తెలిసేది, ఏది ఎక్కడ మొదలవుతుందో. ఒట్టి గీతలు. అతను అందంగా ఉన్నచోటికి కలిపాడు.

బావగారికి చెప్పాను. చార్టుని కొంచెం దూరంగా పట్టుకుని చూశారు. "ఒక్క గీత. దీనికోసం మొత్తం మళ్ళీ వేయిస్తామా? వచ్చేవాళ్ళు ఆరు నిమిషాలుంటారు, టీ తాగిపోతారు. ఎవరు చూస్తారు? నువ్వు తరగతిలో నోటితో చెప్పెయ్."

నోటితో చెప్పేస్తాను. ఇరవయ్యో తారీకు తర్వాత.

ఆగస్టు 20, మంగళవారం

వచ్చారు. పాపని నిలబెట్టి బావగారు చార్టు చెప్పించారు. పదార్థం రెండు రకాలు అని మొదలుపెట్టి, ఒక్కచోటా ఆగకుండా, ఉదాహరణల దాకా. "మిశ్రమాలలో సమ్మేళనాలు ఒక రకం" అన్నప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూశాను. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. అందులో ఒకాయన సైన్సు మనిషట. ఆయనా కొట్టాడు.

బావగారు పాప తల నిమిరి, "మా తమ్ముడి కూతురు" అన్నారు. 

ఆగస్టు 21, బుధవారం

నోటితో చెప్పలేదు. నిన్ననే చప్పట్లు కొట్టించుకున్న పిల్లలకి ఇవాళ ఎలా చెప్పడం? కొన్ని రోజులు పోనీ.

ఆగస్టు 30, శుక్రవారం

ఫోన్ మోగింది. తీయలేదు.

సెప్టెంబరు 6, శుక్రవారం

అక్క అడిగింది, "ఎవరా ఫోన్? మోగుతుంటే అలా చూస్తావేంటి, పామును చూసినట్టు?"

"తెలిసినవాళ్ళే" అన్నాను.

అక్క ఇంకేం అడగలేదు. అడగనివాళ్ళతో బతకడం సులువు. అడగలేనివాళ్ళకి ఇంకా సులువు.

సెప్టెంబరు 21, శనివారం

అర్ధ సంవత్సర పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. "పదార్థ వర్గీకరణను కాన్సెప్ట్ మ్యాప్ ద్వారా చూపండి." మొదటి కాగితంలో సమ్మేళనాల బాణం మిశ్రమాల నుంచి వచ్చింది. రెండోదాంట్లోనూ అంతే. మూడోదీ, నాలుగోదీ. తరగతి తరగతంతా. బాణాల మీద ఒక్క మాట లేదు. వెనక బెంచీవాడి కాగితం వెతికి తీశాను, వాడు కనీసం ఏదో ఒకటి సొంతంగా రాసుంటాడని. లేదు. అచ్చంగా అదే. పెట్టెల మూలలు గుండ్రంగా తిప్పడంతో సహా. ఎందుకమ్మది కూడా. దాని కాగితం చూసి పెన్ను పక్కన పెట్టేశాను.

వీళ్ళు ఇనుపరజను కాల్చి చూసినవాళ్ళు. గడ్డని చేత్తో పట్టుకున్నవాళ్ళు.

ఆఖర్న పాపది. అదే.

సెప్టెంబరు 22, ఆదివారం

పొద్దున డాబా మీద బట్టలు ఆరేస్తూ పాపని అడిగాను. "సమ్మేళనం ఎందులోకి వస్తుందే?"

"శుద్ధ పదార్థాల్లోకి" అంది, క్లిప్పులు అందిస్తూ. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మరి పరీక్షలో అలా రాశావేం?"

"చార్టులో అలా ఉంది కదా."

"చార్టు తప్పని తెలుసా నీకు?"

"అందరికీ తెలుసు. మొదటిరోజే ఎందుకమ్మ చూసింది. కానీ పెద్దసార్ చార్టు. అందులో ఉన్నట్టు రాస్తేనే మార్కులని అనుకున్నాం." క్లిప్పు చేతిలో తిప్పుతూ నావైపు చూసింది. కోపంగా కాదు. తెలియక అడిగినట్టు అడిగింది. "నీకూ తెలుసుగా అమ్మా. నువ్వూ ఏమీ అనలేదు. అందుకే మేమూ అనలేదు."

తడి దుప్పటి నా చేతుల్లోనే ఉండిపోయింది. చాలాసేపు ఆరేయలేదు.

దానికి లెక్కలు బావగారు నేర్పారు. వంట అక్క నేర్పుతోంది. నేను నేర్పింది ఇది.

సెప్టెంబరు 23, సోమవారం

ఇవాళ జరిగిందంతా రాయాలి.

మొదటి పీరియడ్. కాగితాలు ఇవ్వలేదు. కుర్చీ వేసుకుని ఎక్కి, గోడమీది చార్టు దించి బల్ల మీద పరిచాను. "ఇందులో తప్పుంది. అచ్చయి వచ్చినరోజే నాకు తెలుసు. చెప్పకపోవడం నా తప్పు. దాని మూలంగా ఎవరి మార్కులూ పోవు. ఎక్కడుందో ఎవరు చూపిస్తారు?" అన్నాను.

ఒకేసారి అన్ని చేతులూ లేచాయి. ఎందుకమ్మ అయితే చెయ్యెత్తలేదు, ఏకంగా బల్ల దగ్గరికే వచ్చేసింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?" అంది.

"భయపడి" అన్నాను.

"టీచర్లకి కూడానా?" అన్నాడు వెనక బెంచీవాడు.

సాయంత్రం దాకా ఆగలేదు బావగారు. మధ్యాహ్నమే పిలిచారు. తలుపు వేయమన్నారు. "గోడ మీది చార్టు దింపావట. నన్నొక మాట అడగాల్సింది కదమ్మా? రేపు ఊరంతా ఏమంటుంది? సొంత ఇంటి మనిషే..."

"బావగారూ, నా సర్టిఫికెట్లు కావాలి."

అడిగేశాను. రెండున్నర నెలలు గొంతులో అడ్డంపడ్డ మాట, నాలుగు ముక్కలే.

"ఎందుకు?" అన్నారు. చెప్పాను. ట్రైనింగ్ సెంటర్ సంగతి, మేడమ్ ఫోన్లు, అక్టోబరు. ఆయన వింటూ బల్ల మీది పేపర్‌వెయిట్‌ని ఇటునుంచి అటు పెట్టారు, అటునుంచి ఇటు పెట్టారు. 

"ఇక్కడ నీకేం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదు."

"మరి?"

ఏదీ తక్కువ కానిచోట మనిషికి ఊపిరి ఎందుకాడదో ఎలా చెప్పడం?

"సరే, వెళ్ళు. నిన్ను కట్టేశామా?" అన్నారు చివరికి. "పాప మాత్రం ఇక్కడే ఉంటుంది. చదువు మధ్యలో దాన్ని చెట్టు పీకినట్టు పీకడానికి ఒప్పుకోను. నువ్వు వారం వారం వచ్చి చూసుకో."

అదీ తాళం. బీరువాకి ఉన్నది కాదు.

సెప్టెంబరు 24, మంగళవారం

మింగలేను, కక్కలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాపని వదిలి వెళ్ళలేనని ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసు. ఆయన చెడ్డవారైతే ఎంత బాగుండేది!

మేడమ్‌కి రాలేనని చెప్పేద్దామని ఫోన్ తీశాను. పెట్టేశాను. మళ్ళీ తీశాను.

సెప్టెంబరు 26, గురువారం

సాయంత్రం అందరం టీ తాగుతుండగా బావగారు పాపని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "అమ్మ వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్తానంటోంది. నువ్వే చెప్పు తల్లీ. అమ్మతో వెళ్తావా? పెదనాన్న దగ్గరుంటావా?"

పాప ముందు నావైపు చూసింది, తర్వాత ఆయనవైపు. "నన్నెందుకు అడుగుతున్నారు?" అంది, వినబడీ వినబడనట్టు.

"నీ ఇష్టమే నా ఇష్టం. భయపడకుండా చెప్పు."

నేను నోరు తెరిచేలోపు అక్క కప్పు కింద పెట్టింది. పళ్ళెం ఖంగుమంది.

"దాన్ని అడగొద్దు" అంది.

బావగారు తిరిగి చూశారు. ఈ ఇంట్లో ఆయన మాటకి అక్క ఎదురు చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. ఆయనా విని ఉండరు.

"పసిపిల్లని తరాజులో కూర్చోబెట్టి ఇటు మొగ్గుతావా, అటు మొగ్గుతావా అని అడుగుతారా ఎవరైనా? ఏ జవాబు చెప్పినా బతికినంతకాలం బాధపడుతుంది. తల్లి ఎక్కడుంటే పిల్ల అక్కడే. ఇందులో అడగడానికేముంది?"

"నువ్వుండగలవా అది లేకుండా?" అన్నారాయన.

"ఉండలేను" అంది అక్క. "అయినా సరే."

లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. ఒక ఫైలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "తాళాలు నా దగ్గరే ఉంటాయి. ఎప్పుడైనా నన్నడిగావా నువ్వు?" అంది. ఎప్పుడూ అడగలేదు. అడగాలని తట్టను కూడా లేదు. అక్కని కూడా నేను ఆ బీరువాలాగే చూశానేమో, ఆయన సామానులో ఒకటిగా.

ఫైలు తెరిచాను. నావి పైనున్నాయి. అడుగున ఇంకొక డిగ్రీ సర్టిఫికెట్ ఉంది, మడతల దగ్గర పసుపుపచ్చగా మారి. దాని మీద ఉన్నది అక్క పేరు. అక్కకి డిగ్రీ ఉందని నాకు తెలీదు. అక్క దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. "ఇది నాది. ఇదీ భద్రంగానే ఉంది" అంది.

బావగారు కప్పు చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశారు. తర్వాత, "ఇల్లు బోసిపోతుంది" అన్నారు. మాతో కాదు. పాప ఏడుస్తూ డాబా మీదికి పరుగెత్తింది. 

సెప్టెంబరు 29, ఆదివారం

శుక్రవారమే ఫైలు పట్టుకెళ్ళి మేడమ్‌కి చూపించాను, ఆ ఉద్యోగం ఇంకా నాకోసమే ఉంచారట. సామాను సర్దుకున్నాం. బస్సు దాకా బావగారు వచ్చారు. పెద్ద పెట్టె ఆయనే మోశారు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆయాసపడుతూ పైకెక్కించి, తాడు బిగించి, బిగిసిందో లేదో లాగి చూసి, మళ్ళీ బిగించారు. "అక్కడ నీళ్ళు బాగుంటాయా?" అనడిగారు. కనుక్కోలేదన్నాను. "కనుక్కోవాలి కదమ్మా" అన్నారు. బస్సు కదిలేదాకా నాతో అన్నది అంతే. అక్క రాలేదు. మేం బయల్దేరుతుంటే ఇంటి కిటికీలోంచి చెయ్యి ఊపింది.

పాప దారంతా తల అటు తిప్పుకునే ఉంది. 

అక్టోబరు 3, గురువారం

చేరాను. ముప్ఫై మంది టీచర్లు. మ్యాప్ వేయమంటే అందరూ అందమైన పెట్టెలు గీశారు. బాణాల మీద ఏమీ రాయలేదు. ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలన్నమాట.

గది చిన్నది. ఒక మంచం, ఒక పొయ్యి, పక్కింటివాళ్ళ రేడియో. పాపకి కొత్త బడి. ఎలా ఉందంటే "ఉంది" అంటుంది. తిన్నావా అంటే తల ఊపుతుంది. ఇక్కడికి వచ్చినప్పట్నుంచీ నన్ను ఏమీ అని పిలవలేదు. అటు టీచరూ కాదు, ఇటు అమ్మా కాదు. దాన్ని నేను బయటికి తెచ్చానా? లేక దానికి కొత్త గోడలు కట్టానా? 

అక్టోబరు 9, బుధవారం

సాయంత్రం ఫోన్ మోగింది. బావగారు. వచ్చాక ఆయన ఫోన్ చేయడం ఇదే మొదటిసారి. పలకరింపు లేదు. "మీ తొమ్మిదో తరగతికి ఇంకా ఎవరూ దొరకలేదు. నేనే వెళ్తున్నాను" అన్నారు.

"మీరా!"

"నేనే. ఇవాళ పొగ గురించి వచ్చింది. వాయువు అని చెప్పాను. ఆ పిల్ల, ఆ ఎందుకమ్మ, లేచి 'వాయువైతే వంటింటి గోడకి మసి ఎలా అంటుకుందండీ' అంది. తెలీదు, కనుక్కుని చెబుతానన్నాను." అటువైపు కుర్చీ జరిపిన చప్పుడైంది. "తెలీదని పిల్లల ముందు అనడం నాకిదే మొదలు. ఏం చెప్పమంటావు?"

చెప్పబోతున్నాను. ఇంతలో పాప మంచం మీంచి లేచొచ్చి చెయ్యి చాపింది. ఫోన్ ఇచ్చాను.

"పెదనాన్నా, పొగ మిశ్రమం" అంది. "అందులో గాలీ ఉంటుంది, కంటికి ఆనని మసి రేణువులూ ఉంటాయి. గాలి పోతుంది, మసి గోడని పట్టుకుంటుంది. అవును... కాదు, విజాతీయం. ఎందుకంటే ఒకటైపోలేదు, కలిసి తిరుగుతున్నాయంతే. అద్దం ముక్క కాసేపు పొగలో పెట్టి చూపించండి, వాళ్ళకే తెలుస్తుంది. చెయ్యి కాల్చుకోకండి." తర్వాత చాలాసేపు వింది. ఒకసారి నవ్వింది. "పెద్దమ్మకి ఇవ్వండి" అంది. అక్కతో మాట్లాడుతూ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అక్క కుట్టుపని నేర్పే బడిలో చేరడానికి వెళ్ళి అడిగొచ్చిందట. మాటల్ని బట్టి తెలిసింది.

ఫోన్ పెట్టేసి నా పక్కన కూర్చుంది. పక్కింటి రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. నేను ఏమీ అడగలేదు. అడిగితే మళ్ళీ ముడుచుకుంటుందేమోనని కదలకుండా కూర్చున్నాను.

"ఆకలేస్తోందమ్మా" అంది.